అత్త పేరు, కోడలి గొంతు

సూట్‌కేసు జిప్పు సగంలో ఇరుక్కుపోయింది. లేకపోతే ఈపాటికి శ్రీసత్య వీధి చివర ఆటో ఎక్కేసి ఉండేది. కాపురాలు నిలబడటానికి పెళ్ళిపెద్దలు కారణమంటారు, అగ్నిసాక్షి కారణమంటారు. ఒక్కోసారి చవకరకం జిప్పు కూడా కారణమే.

"లాగకు. తెగిపోద్ది," అన్నాడు మొగుడు దొరబాబు గుమ్మంలో నిలబడి.

"తెగిపోనివ్వండి. ఈ ఇంట్లో తెగకుండా ఏం మిగిలిందని?"

గోదావరి జిల్లాల పిల్లలు దెబ్బలాడేటప్పుడు కూడా 'అండి' వదలరు. శ్రీసత్య నాన్న సత్యం, స్టీల్ ప్లాంటు ఉద్యోగానికని తణుకు పక్కనుంచి వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. ఈ పిల్ల ఉక్కునగరం క్వార్టర్సులోనే పుట్టింది, అక్కడే పెరిగింది. అయినా నోట్లో ఆ 'అండి' అలాగే ఉండిపోయింది. కోపం పెరిగేకొద్దీ అది మరింత మర్యాదగా వస్తుంది. ఆ మధ్యాహ్నం చాలా మర్యాదగా వస్తోంది.

"ఏటి కావాల నీకు? అది సెప్పు ముందు."

"నా పేరు."

"పేరేటే, పేరు!"

"నాకో పేరుందండి. శ్రీసత్య అంటారు. ఎనిమిది గంగమ్మ పాటలు పాడాను. ఒక్కదాని కిందా ఆ పేరు లేదు."

దొరబాబు వెనక్కి తిరిగి ముందుగదిలోకి చూశాడు. కిటికీ పక్క కుర్చీలో వాళ్ళమ్మ కనకరత్నం కూర్చుని ఉంది. ఒళ్ళో ఒకటో తరగతి పిల్లలు రాసుకునే పలక, చేతిలో బలపం. ఆమె నోరు విప్పక అది పద్నాలుగో రోజు.

"మెల్లగా మాటాడు. అమ్మ ఇంటాది."

"వినాలనే మాట్లాడుతున్నానండి."

కనకరత్నం విన్నది. వినడం తప్ప ఆమె చేయగలిగింది లేదు. గొంతులో రెండు కాయలు లేస్తే డాక్టరు తీసేశాడు. తీసేసి, "ఇరవై ఒక్క రోజులు నోరు విప్పకూడదు. గుసగుస కూడా వద్దు. మధ్యలో విప్పారో, ఆ పైన పాట సంగతి నన్నడగొద్దు," అని చెప్పి ఇంటికి పంపాడు.

ఆ గొంతు సామాన్యమైన గొంతా! ఇరవై అయిదేళ్ళలో నలభై సినిమా పాటలు, రెండు వందల పైచిలుకు భక్తి పాటలు. ఒకసారి ఆవిడ బోటు మీద కూర్చుని పాడుతుంటే వలలో పడ్డ కోనెం చేప కొట్టుకోవడం మానేసి విన్నదని హార్బరులో ఇప్పటికీ చెబుతారు. కళ్ళారా చూశామన్నవాళ్ళు నలుగురున్నారు. వాళ్ళలో ముగ్గురు ఆ రోజు బోటు ఎక్కనేలేదు. అది వేరే సంగతి.

అంతటి గొంతు ఇప్పుడు పలక మీదికి దిగింది.

కింద సందులోంచి ఆటో వెళ్ళింది. ఆటోలో గంగమ్మ పాట. ముగ్గురూ విన్నారు.

"నిన్న మా నాన్నగారు షిఫ్టు బస్సులోంచి ఫోను చేశారు," అంది శ్రీసత్య. ఈసారి గొంతు తగ్గింది. "'బస్సులో అందరం మీ అత్తగారి పాటే వింటున్నామే. ఈ వయసులో ఆ గొంతేమిటే, అమృతంలా ఉంది' అన్నారు. నాకు సరిగమలు నేర్పించింది ఆయనేనండి. కన్నతండ్రి. ఆయన చెవికే నా గొంతు నాది కాకుండా పోయింది."

"అయితే నువ్వేటన్నావు?"

"ఏమంటాను? 'అవును నాన్నా, అత్తయ్య బాగా పాడారు' అన్నాను."

దొరబాబు నేల చూపులు చూశాడు.

సినిమావాళ్ళకు ట్రాక్ పాడించడం కొత్త కాదు. అసలు గాయని వచ్చేలోగా పని ఆగకుండా ఎవరో ఒకరి చేత పాట పాడించి పెట్టుకుంటారు. తరువాత అసలు గాయని వచ్చి పాడుతుంది, ముందు పాడిన గొంతు తీసేస్తారు. స్లాబు ఆరాక సెంట్రింగు చెక్కలు ఊడదీసినట్టన్నమాట. అత్తగారికి గొంతు బాగాలేదని శ్రీసత్య ట్రాక్ పాడింది. ఆపరేషన్ ముందుకు జరిగింది. అవతల పాటల కంపెనీ యజమాని మోహనకృష్ణ, గంగమ్మ జాతర దాటిపోతే ఎవడు వింటాడని తొందరపెట్టాడు. "ఉంచీయండి సార్, అత్తా కోడళ్ళది ఒకటే శ్రుతి," అనేశాడు దొరబాబు. స్లాబు పడనేలేదు. చెక్కల మీదే గృహప్రవేశం జరిగిపోయింది.

"తప్పే. నాను కాదన్నానేటి?" అన్నాడు దొరబాబు. "అమ్మ ఆస్పటల్లో ఉంటే నాకు బుర్ర పని సెయ్యలేదు. పాటలు ఆగిపోతే, ఏటయినాదని అడుగుతారు. గొంతు పోనాదంట అని ఒకడంటాడు. ఆ మాట పుట్టిందంటే మరి ఆగదు. ఈ ఇంటికున్నది ఒక్క పేరే సత్యా. దాన్నే అందరం కప్పుకుని పడుకుంటన్నాం."

"కప్పుకోండి. నా గొంతుతో కుట్టకండి."

"రేపొక్కరోజు. రేపు గట్టెక్కించీ. ఆ తరవాత నువ్వేటి సెప్తే అది."

రేపు. ఆ మాట వినగానే కనకరత్నం చేతిలో బలపం ఆగింది.

ఈ రాత్రితో చేపల వేట నిషేధం తీరిపోతుంది. రెండు నెలలుగా జెట్టీలో కట్టేసిన బోట్లన్నీ రేపు తెల్లారగట్ల సముద్రం మీదికి వెళ్తాయి. వెళ్ళేముందు జెట్టీ మీద గంగమ్మ పాట పాడాలి. పాడిన మనిషి మొదటి బోటు హార్బరు నోరు దాటేదాకా పచ్చిమంచినీళ్ళు ముట్టకుండా అక్కడే నిలబడాలి. పాతికేళ్ళుగా ఆ పాట కనకరత్నందే. ఎక్కడున్నా వచ్చేది. ఒక ఏడు రైలు ఎలమంచిలిలో ఆగిపోతే ఉప్పు లారీ ఎక్కి, బస్తాల మీద కూర్చుని వచ్చింది. ఆ బస్తాలు మొదట్లో పది. చెప్పేవాళ్ళ చలవ వల్ల ఇప్పుడు నలభై అయ్యాయి.

"జెట్టీ పక్క ఐసు ఫ్యాక్టరీ గదిలో నువ్వు కూకో," అంటున్నాడు దొరబాబు. "నీకొక మైకు. జెట్టీ మీద అమ్మకొక మైకు. అమ్మ నోరు కదుపుద్ది, నువ్వు పాడు. ఇన్నేళ్ళూ జరిగిందదే గదా? సినిమాలో హీరోయిన్ నోరు కదిపితే అమ్మ పాడింది. ఇప్పుడు అమ్మ కదుపుద్ది. తేడా ఏటి?"

"ఒకటుందండి తేడా. సినిమాలో పాడింది హీరోయిన్ కాదని చూసేవాళ్ళకు తెలుసు."

దొరబాబు వంగి సూట్‌కేసు జిప్పు తనే లాగడం మొదలుపెట్టాడు, బాగుచేయడానికో, ఇంకా ఇరికించడానికో అతనికే తెలియదు.

శ్రీసత్య ముందుగదిలోకి వచ్చి అత్తగారి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"మీరైనా చెప్పండత్తయ్యా. నేను అడిగింది తప్పా? ఒక్క మాట రాయండి. తప్పయితే తప్పని రాయండి, నోరు మూసుకుంటాను."

కనకరత్నం పలక ఎత్తింది. శ్రీసత్య మెడ చాచి చూసింది. పలక మీద ఏమీ లేదు. కనకరత్నం చీరకొంగుతో ఆ ఖాళీ పలకనే రెండుసార్లు తుడిచి మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

కోడలితో చెప్పలేని మాట ఒకటి ఆమెకుంది. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు ఈ కిటికీ కింద ఆటో ఆగింది. అందులో ఎవరో పాడుతున్నారు. 'ఎవరీ పిల్ల, బాగా పాడుతోంది' అనుకుంది. పల్లవి అయ్యేలోగా తెలిసిపోయింది. కొడుకు తన పేరు పెట్టినందుకు వచ్చిన కోపం రెండు రోజుల్లో చల్లారింది. 'బాగా పాడుతోంది' అని తానే అనుకున్న ఆ క్షణం మాత్రం ఇంకా చల్లారలేదు.

"చూశారా? మీకూ ఆ పేరే కావాలి," అని లేచింది శ్రీసత్య.

*

మెట్ల మీద ఆయాసం వినిపించింది. ముందు ఆయాసం, తరువాత ఎండు నెత్తళ్ళ వాసన, ఆ తరువాత తట్ట, ఆఖరికి పోతమ్మ వచ్చింది. కనకరత్నం కన్నతల్లి. డెబ్భై అయిదేళ్ళు దాటినా తట్ట దించలేదు. కూతురు సినిమాల్లో పాడుతుంటే నీకీ చేపలేమిటంటే, "అది పాటలమ్ముకుంటాది, నాను సేపలమ్ముకుంటాను, ఎవల యాపారం ఆలది," అంటుంది.

"ఓలమ్మ! సూట్‌కేసేటి? ఊరెల్తన్నారేటి?"

"మా ఇంటికి వెళ్తున్నానండి, అమ్మమ్మగారూ."

"ఎల్లు. ఎల్లేముందు కాస్త టీ ఎట్టీసి ఎల్లు. ఎండలో నడిసొచ్చినాను."

శ్రీసత్యకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. వంటగదిలోకి వెళ్ళింది. మోహనకృష్ణ ఫోను వచ్చిందని దొరబాబు కిందికి దిగాడు.

పోతమ్మ తట్ట దించి, కూతురి కాళ్ళ దగ్గర చతికిలబడి, కాసేపు ఆమె ముఖంలోకి చూసింది.

"ఆ పాట నీది కాదు గదేటి?"

కనకరత్నం ఉలిక్కిపడింది. గబుక్కున పలక అందుకుంది.

"రాయకు. రాసినా నాకు సదువు రాదు. నువ్వూకో, నాను సెప్తాను." పోతమ్మ తట్ట కింద పెట్టుకునే చుట్టగుడ్డ విప్పి ముఖం తుడుచుకుంది. "తొలిరోజే తెలిసినాది. పక్కింటి ఆడగుంట ఫోనులో ఎట్టినాది. అందరూ రత్నం, రత్నం అంటన్నారు. నాను ఊపిరి ఇన్నాను. వల లాగినోలు తాడు సడలినప్పుడు ఊపిరి తీసుకుంటారు. లాగినప్పుడు తీసుకుంటే తాడు జారిపోద్ది. నువ్వు మీ నాయనెనకాల తాడట్టుకుని నేర్సుకున్నావు పాట. మాట మజ్జిలో తీసుకుంటావు ఊపిరి. ఈ గుంట వరస అయిపోనాక తీసుకుంటంది, మేస్టరు సెప్పినట్టు. బాగుంది. సక్కగ పాడినాది. కానీ నీ ఊపిరి కాదు."

కనకరత్నం తల దించుకుంది.

"ఎవలికీ సెప్పలేదు నాను. పిల్లలు బతకాల గదా అనుకున్నాను. కానీ దొర ఇప్పుడు జెట్టీ మీద కూడా అదే ఆట ఆడతానంటన్నాడంట. ఐసు ఫ్యాక్టరీలో కరెంటు కుర్రోడు సెప్పినాడు, రెండు మైకులు కట్టమన్నాడని." పోతమ్మ ఆగింది. వంటగదిలో స్టవ్వు వెలిగిన చప్పుడు. "రత్తీ. నానెప్పుడైనా ఆ మాట ఎత్తినానేటి నీ కాడ? ఈ పాతికేళ్ళల్లో ఒక్కపాలైనా?"

కనకరత్నం కళ్ళు మూసుకుంది. ఏ మాటో ఆమెకు తెలుసు. అడ్డంగా తల ఊపింది, ఎత్తలేదన్నట్టూ, ఇప్పుడూ ఎత్తవద్దన్నట్టూ.

"ఈయేళ ఎత్తుతాను. హైదరాబాదు నుంచి నీకు పిలుపొచ్చినాది. తొలి సినిమా పాట. ఆ రోజే ఇక్కడ గంగమ్మ పాట. నువ్వేటి సేసినావు? టేపులో పాడి ఇచ్చీసి రైలెక్కీసినావు. ఎవలూ తప్పనలేదు. మీ నాయన ఆ టేపురికార్డరు జబ్బ మీదెట్టుకుని మోసుకెల్లినాడు జెట్టీకి. 'నా కూతురు పాడతంది, ఇనండ్రా' అని బోటు బోటుకీ తిప్పినాడు. అలగే వేటకెల్లినాడు. అలలేదు, గాలిలేదు. అన్ని బోటులూ వొచ్చినాయి. మీ నాయనదే రాలేదు. అందులో ఆరుగురు."

కింద సందులో ఎవరో బిందెలు కడుగుతున్నారు.

"నీ మీద నేరం ఎట్టను. సముద్రానికి టేపేటి తెలుసు, నోరేటి తెలుసు అంటారు సదువుకున్నోలు. నిజమే అయుంటాది. కానీ ఆ ఏడే సంఘం పెద్దలు మాటనుకున్నారు. వేట మొదలెట్టే దినం యంత్రం పాట వద్దు. నోటి పాటే. పాడినోలు ఎదురుగ కనబడాల. ఆ మాట మీదే ఇన్ని ఇళ్ళ ఆడోలు మొగుళ్ళనీ కొడుకుల్నీ పంపుతన్నారు. రేపు నువ్వు ఉత్తినోరు ఆడించినావనుకో. ఒక్క బోటు రాలేదనుకో. ఆడోలు నీకాడికొస్తే ఏటి సెప్తావు? పలక మీద రాత్తావేటి?"

కనకరత్నం చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. చప్పుడు లేకుండా ఏడవడం కష్టం. ఏడుపుకు కూడా గొంతు కావాలి. డాక్టరు దానికీ ఒప్పుకోలేదు. పెదవులు బిగించి, ముక్కుపుటాలు అదురుతుంటే, ఆమె తల్లి భుజం పట్టుకుంది.

"నువ్వు పాడలేవు. ఆ గుంట పాడగలదు. కోడలంటే ఇంటి మనిషే, పరాయిది కాదు. దాన్నే నిలబెట్టీ. ఎవలు పాడితే ఆలే కనబడాల."

అంత తేలికా! కోడలు జెట్టీ మీద నోరు విప్పిందంటే, ఆటోల్లో పాడుతున్నదెవరో మొదటి వరసకే అందరికీ తెలిసిపోతుంది. మధ్యాహ్నానికి హైదరాబాదులో తెలుస్తుంది. కనకరత్నం గొంతు అయిపోయిందట. ఇక ఎవరు పిలుస్తారు? ఏడు రోజుల తరువాత గొంతు వచ్చినా, వచ్చిందని నమ్మేవాడెవడు?

శ్రీసత్య టీ గ్లాసులు తెచ్చింది. పోతమ్మ ఊదుకుంటూ రెండు గుక్కల్లో తాగేసింది.

"పంచదార ఒలకబోసినావేటే? మీ గోదారోలకి పంచదార సెరువులుంటాయేటి?" అని తట్ట నెత్తినెత్తుకుంది. "సూట్‌కేసు జిప్పుకి కొవ్వొత్తి రాయి. జారతాది." వెళ్ళిపోయింది.

*

శ్రీసత్య ఖాళీ గ్లాసు తీసుకోవడానికి వంగింది. కనకరత్నం ఆమె మణికట్టు పట్టుకుంది.

ఆమె చదువు అయిదో తరగతి. అక్షరాలు గుండ్రంగా, పెద్దగా, ఒక్కొక్కటీ నిలబెట్టి రాస్తుంది. 'రేపు' అని రాసింది. ఆగింది. 'నువ్వు పాడు' అని రాసింది. బలపం మళ్ళీ ఆగింది. ఈసారి చాలాసేపు ఆగింది. చివరికి కింద చిన్నగా రాసింది: 'నీ పేరుతో.'

శ్రీసత్య ఆ మూడు ముక్కలనీ రెండుసార్లు చదివింది. పొద్దుటి నుంచి అడుగుతున్నదదే. చేతికి వచ్చాక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

"మరి మీరో, అత్తయ్యా?"

కనకరత్నం భుజాలు ఎగరేసింది.

"సంఘం పెద్దలు పాడే మనిషికి సాయంత్రం చీర తెస్తారటండి. మీ అబ్బాయి ఒప్పుకోరు. ఎవరు చెప్తారు వాళ్ళకి?"

కనకరత్నం పలక తుడిచి రాసింది. 'నేనే చెప్తా.'

శ్రీసత్య సూట్‌కేసు మంచం కిందికి తోసింది. బట్టలు అందులోనే ఉంచింది. పూర్తిగా నమ్మడానికి ఆమె మరీ అంత అమాయకురాలు కాదు.

*

ఎండ వాలుతుండగా దాలయ్య వచ్చాడు. బోట్ల సంఘం పెద్ద. పళ్ళెంలో పసుపురంగు చీర, రవిక గుడ్డ, పసుపు కొమ్ములు, కొబ్బరికాయ. కనకరత్నానికి వరసకు బావ. ఒకప్పుడు వాళ్ళ నాన్న బోటు మీదే కళాసీగా పనిచేశాడు. ఆ ఆరుగురితో పాటు ఏడోవాడు కావలసినవాడు. ఆ రోజు కాలికి మేకు గుచ్చుకుని ఒడ్డున ఉండిపోయాడు. ఆ మేకును ఇంట్లో దేవుడి పటాల దగ్గర పెట్టి పూజ చేస్తాడని అంటారు. ఆయనే అంటాడు.

"ఏటమ్మా రత్నం, ఎలగున్నావు? మాటాడకు, మాటాడకు. దొర సెప్పినాడు. రేపటికోసం దాసుకుంటన్నావంట గొంతు."

దొరబాబు చిరునవ్వు నవ్వాడు. ముందే చెప్పి ఉంచాడన్నమాట. దాలయ్యను కుర్చీలో కూర్చోబెట్టి, తను తల్లి పక్కన నిలబడ్డాడు. శ్రీసత్య వంటగది గుమ్మాన్ని ఆనుకుని నిలబడింది.

"ఈ ఏడు బోటోలందరికీ ఏదో బెంగగుంది," అన్నాడు దాలయ్య. "నా కూతురు నీలోసుకున్నాది గదా, ఏడో నెల. అల్లుడు రేపే కొత్త బోటెక్కుతన్నాడు. 'రత్నం పిన్ని పాడతాదా నాన్నా' అని పొద్దున్నుంచి మూడుసార్లు అడిగినాది. పాడకేటే, మొన్నొచ్చిన పాటలు ఇన్లేదేటి, గొంతు పదారేళ్ళకి దిగినాది అన్నాను. అప్పటికి గానీ ముద్ద తిన్లేదు."

కనకరత్నం పలక తీసుకుంది.

దొరబాబు నవ్వు ఆగిపోయింది. "ఏటమ్మా? ఏటి కావాల? నాకు సెప్పు."

ఆమె అతనివైపు చూడలేదు. రాస్తోంది. బలపం కిర్రుమంటోంది. దాలయ్య భక్తిగా చూస్తున్నాడు. గుడిలో హారతి కోసం చూసినట్టు. శ్రీసత్య గుమ్మం దగ్గర నుంచి ఒక్కొక్క అక్షరం చదువుతోంది.

'ఆ పాటలు నేను పాడలేదు బావా. నా కోడలు శ్రీసత్య పాడింది. రేపు తనే పాడుతుంది. నాకు గొంతు లేదు.'

కనకరత్నం పలకను దాలయ్య చేతికి ఇచ్చింది. ఇచ్చి, ఊపిరి వదిలింది. పాతికేళ్ళ బరువు దించినంత ఊపిరి.

దాలయ్య పలకను రెండు చేతులతో అందుకున్నాడు. ఆయనకు గాలి చదవడం వచ్చు. నీళ్ళ రంగు చదవడం వచ్చు. ఆకాశంలో మబ్బు చూసి ఏ జెట్టీలో ఎవడి బోటు ఆగుతుందో చెప్పగలడు. అక్షరాలు మాత్రం రావు. పలకను కాసేపు తలకిందులుగా పట్టుకుని, ఎంతో గౌరవంగా చూసి, దొరబాబుకు అందించాడు.

"సదవరా దొరా."

ఈ సంగతి కనకరత్నానికి ఎందుకు తట్టలేదో! చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి; మధ్యాహ్నమే కన్నతల్లి కూడా పలక వద్దంది. పద్నాలుగు రోజులుగా చదువుకున్న కొడుకుతో, చదువుకున్న కోడలితో, డాక్టరుతో పలక మీద మాట్లాడి మాట్లాడి, పలకంటే అందరికీ నోరే అనుకుంది.

దొరబాబు పలక చూశాడు. తల్లి ముఖంలోకి చూశాడు. ఆ చూపులో మోసం కంటే భయమే ఎక్కువ. అది మాత్రం ఒప్పుకోవాలి. అతను వేలు అక్షరాల కింద పెట్టి, ఒక్కొక్క మాటా జరుపుతూ, చదివాడు.

"'బావకి దండాలు. రేపు తెల్లారగట్ల... వస్తాను. గంగమ్మ తల్లి దయ... నాను పాడతాను. బెంగెట్టుకోవద్దని మీ అమ్మాయికి సెప్పు.' అని రాసింది."

అరచేత్తో పలక తుడిచేశాడు.

దాలయ్య కళ్ళు చెమర్చాయి. "నాకు తెలుసు. నువ్వు మాట తప్పవు."

కనకరత్నం కొడుకు చెయ్యి పట్టుకుని గుంజింది. గట్టిగా తల అడ్డంగా ఊపింది.

"లేవకమ్మా, కూకో. ఎందుకా కంగారు?" అన్నాడు దాలయ్య.

ఆమె వేలెత్తి శ్రీసత్యను చూపించింది. తన గొంతు మీద చెయ్యి పెట్టుకుంది. మళ్ళీ శ్రీసత్యను చూపించింది.

"పెదనాన్న గొంతెండిపోతంది, టీ ఎట్టమని కోడలికి సెప్తంది," అన్నాడు దొరబాబు.

శ్రీసత్య కదలలేదు. మాట ఆమె నాలుక చివరనే ఉంది. 'అది కాదండి ఆవిడ రాసింది' అంటే చాలు. నాలుగే మాటలు. దాలయ్య ఆమె వైపు తిరిగి నవ్వాడు. కూతురు ముద్ద తిన్నదని చెప్పినప్పటి నవ్వే. ఆమె నోరు తెరిచింది. ఆ నవ్వు చూసింది. భర్త ముఖం చూసింది. నోరు మూసుకుంది.

పేరు కోసం సూట్‌కేసు సర్దిన పిల్ల, పేరు గుమ్మంలోకి వచ్చి నిలబడితే, దాన్ని లోపలికి పిలవలేకపోయింది.

"టీ వద్దమ్మా. ఇంకా నాలుగిళ్ళు తిరగాల. ఎల్లొస్తాను." దాలయ్య చీర పళ్ళెం కనకరత్నం ఒళ్ళో పెట్టి, ఆమెకంటే పదేళ్ళు పెద్దవాడయ్యుండీ ఆమె పాదాల వైపు చెయ్యి చాచి కళ్ళకద్దుకున్నాడు. "రేపు నా అల్లుడి బోటే ముందు దాటతాది. నీ గొంతు ఇనుకుంటూ ఎల్తాడు."

మెట్లు దిగుతున్న చప్పుడు.

"అమ్మా," అన్నాడు దొరబాబు. "నన్ను తరవాత కొట్టు. సంపీ. ఈ ఒక్కరోజు మాత్రం..."

కనకరత్నం లేచింది. ఒళ్ళోంచి పళ్ళెం జారి, కొబ్బరికాయ దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది. ఆమె వరండాలోకి నడిచింది, వెనకే ఇద్దరూ. ఆమె ఏం చేయబోతోందో ముందు శ్రీసత్యకు అర్థమైంది.

"అత్తయ్యా, వద్దండి! ఇంకా ఏడు రోజులుంది! నేను దిగి చెప్తాను, నేను చెప్తానండి!"

ఆలస్యమైంది. కనకరత్నం రెండు చేతులా పిట్టగోడ పట్టుకుంది. కింద దాలయ్య చెప్పులు తొడుక్కుని సందులోకి తిరుగుతున్నాడు. ఆమె కడుపులోంచి ఊపిరి లాగి, ఉన్నదంతా పెట్టి, పిలిచింది.

"దాలయ్య బావా!"

నూనె లేని కప్పీ మీద తడి తాడు ఒరుసుకున్నట్టు వచ్చిందా శబ్దం. సగం గాలి, సగం గీర. శ్రీసత్య చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. దొరబాబు వెనక్కి ఒక అడుగు వేశాడు.

దాలయ్య ఆగాడు. తల ఎత్తి వరండా కేసి చూశాడు. కనకరత్నం మీంచి చూపు దాటించి దొరబాబును చూశాడు. శ్రీసత్యను చూశాడు. పక్కింటి వరండా, ఎదురింటి కిటికీ, అన్నీ వెతికాడు.

"ఎవలమ్మా నన్ను పిలిసినారు?" అన్నాడు.